మీ సీరమ్ బాటిల్ వెనక రెండు జైళ్లు

ఈ మధ్య నన్ను ఎవరు కలిసినా అడిగేది ఒకటే. "అన్నా, నాది ఆయిలీ స్కిన్. నయాసినమైడ్ వాడాలా, శాలిసిలిక్ వాడాలా? రెటినాల్ మంచిదంటున్నారు, నిజమేనా?" నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీకు చరిత్ర చెప్పుకుంటున్నవాణ్ణి. కాబట్టి జవాబు కూడా నా దారిలోనే చెప్తాను. కోడ్ రాసేటప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న ఏంటంటే, దీన్ని ఏ డేటా మీద టెస్ట్ చేశారు? మీ ముఖానికి రాసుకునే మందు గురించి కూడా అదే అడుగుదాం. దీన్ని ఎవరి చర్మం మీద టెస్ట్ చేశారు? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్తే రెండు జైళ్లు, ఒక కుందేలు చెవి, మన హైదరాబాద్ తార్నాక, చివరికి మన వీధి మెడికల్ షాపు వస్తాయి. ఏది వాడాలో కూడా అక్కడే తేలుతుంది.

ముందు మొటిమ ఎలా పుడుతుందో రెండు ముక్కల్లో చూద్దాం. చర్మంలో ప్రతి వెంట్రుకకీ ఒక చిన్న గొట్టం, దాన్ని ఆనుకుని ఒక నూనె గ్రంథి ఉంటాయి. యవ్వనంలో హార్మోన్ల వల్ల ఆ గ్రంథి ఎక్కువ నూనె వదులుతుంది. ఇది మొదటి కారణం. గొట్టం లోపల రాలిపోవాల్సిన చచ్చిన కణాలు ఒకదానికొకటి అతుక్కుని బిరడాలాగా దాన్ని మూసేస్తాయి. ఇది రెండోది. గాలాడని ఆ చోట క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఇది మూడోది. దాంతో ఒళ్లు యుద్ధానికి దిగి వాపు, ఎరుపు, చీము వస్తాయి. ఇది నాలుగోది. మార్కెట్లో ఉన్న మొటిమల ఇంగ్రీడియెంట్లు చాలావరకు ఈ నాలుగింటిలో ఒకటో రెండో పట్టుకుంటాయి. ఈ లెక్క గుర్తుంటే సగం గందరగోళం తీరినట్టే.

మరి ఆయిలీ, డ్రై, నార్మల్ అనే పేర్లు ఎక్కడివి? ఇవి ఆస్పత్రిలో కాదు, షాపులో పుట్టాయి. పోలండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియా వెళ్లి, 1900ల మొదట్లో మెల్‌బోర్న్‌లో బ్యూటీ సెలూన్ తెరిచిన హెలెనా రూబిన్‌స్టైన్ పేరు వినే ఉంటారు. చర్మాన్ని రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో క్రీమ్ అమ్మే పద్ధతికి బాగా పేరొచ్చింది ఆవిడతోనే. ఐడియా పూర్తిగా తప్పేం కాదు. నూనె ఎక్కువున్న ముఖం, పొడిబారే ముఖం నిజంగా వేరువేరే. కానీ అది అమ్మకానికి పనికొచ్చే లెక్క. ఎండాకాలం ఆయిలీగా ఉండి, డిసెంబర్‌లో పొలుసులు లేచే ముఖం మనలో ఎంతమందికి లేదు?

రెండో లెక్క డాక్టర్లది. 1975లో హార్వర్డ్‌లో చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని టైపులుగా విడదీశాడు. దీనికీ మొటిమలకీ సంబంధం లేదు. సోరియాసిస్ రోగులకి ఒక మందిచ్చి అల్ట్రావయొలెట్ కిరణాలు పట్టేవాళ్లు. ఎవరికి ఎంత డోస్ ఇస్తే కాలకుండా ఉంటుందో తెలియాలి కదా, అందుకోసం పుట్టిన లెక్క అది. మొదట ఉన్నవి 4 టైపులు, అన్నీ తెల్లవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసినవే. గోధుమ రంగుకీ నలుపుకీ 5, 6 నంబర్లు తర్వాత కలిపారు. అంటే మనలో చాలామంది మొదటి వెర్షన్‌లో లేనే లేము, తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో చేరాం.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. తెల్ల చర్మం మీద మొటిమ ఎర్రగా వచ్చి, ఎర్రగానే తగ్గిపోతుంది. మన చర్మంలో మెలనిన్ తయారుచేసే కణాలు చురుకైనవి. ఎక్కడ వాపు వచ్చినా, ఎక్కడ మంట పుట్టినా అక్కడ రంగు పోస్తాయి. అందుకే మనకి మొటిమ వారంలో పోయినా మచ్చ నెలల తరబడి ఉంటుంది. మందు మంట పుట్టించినా అదే మచ్చ. ఈ ఒక్క విషయం పట్టుకుని ఇప్పుడు ఒక్కో ఇంగ్రీడియెంట్ కథ విందాం.

ముందు పాత కాపు, శాలిసిలిక్ యాసిడ్. విల్లో చెట్టు బెరడు నుంచి మొదలైన కథ ఇది. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ కెమిస్ట్ హెర్మన్ కోల్బె దాన్ని కృత్రిమంగా తయారుచేసే దారి కనిపెట్టాడు, 1874 నాటికి డ్రెస్డెన్ దగ్గర ఫ్యాక్టరీ లెక్కన తయారైంది. ఇది నూనెలో కరుగుతుంది. అందుకే నూనె నిండిన గొట్టంలోకి దిగి, అతుక్కున్న కణాల్ని వదులు చేస్తుంది. అంటే రెండో కారణాన్ని పట్టుకుంటుంది. తామరకి రాసే పాత ఆయింట్‌మెంట్లలో కూడా ఇదే ఉండేది. అమెరికాలో డాక్టర్ చీటీ లేకుండా అమ్మే మొటిమల మందుల్లో దీనికి 0.5 నుంచి 2 శాతం దాకానే అనుమతి.

రెండోది బెంజాయిల్ పెరాక్సైడ్. గోధుమ పిండిని తెల్లగా చేయడానికి వాడిన రసాయనం ఇది. 1965లో కెనడా డాక్టర్ విలియం పేస్ దీన్ని గంధకంతో కలిపి మొటిమలకి వాడిన ఫలితాలు ప్రచురించాడు. ఇది ఆక్సిజన్ వదులుతుంది, మన బ్యాక్టీరియాకేమో ఆక్సిజన్ పడదు. యాంటీబయాటిక్ అయితే బ్యాక్టీరియా కొన్నాళ్లకి అలవాటు పడి లొంగడం మానేస్తుంది, దీనికి మాత్రం ఆ సమస్య రాలేదు. ఇక అసలు పాయింట్: 1986లో 2.5, 5, 10 శాతాల్ని పోల్చి చూస్తే, వాపున్న మొటిమల మీద 2.5 శాతం మిగతా రెండిటితో సమానంగా పనిచేసింది, 10 శాతం కంటే మంట తక్కువ పుట్టించింది. పెద్ద నంబర్ కొంటే పెద్ద ఫలితం వస్తుందనుకుంటాం. మన చర్మానికి పెద్ద నంబర్ అంటే పెద్ద మచ్చ కూడా కావచ్చు. ఇంకో మాట, ఇది తువ్వాలు, దిండు గలీబు రంగు తినేస్తుంది. తెల్లవి వాడుకోండి.

ఇప్పుడు మొదటి జైలు. నయాసినమైడ్ అంటే బి3 విటమిన్ రూపమే. దాని కథ ముఖం మీద కాదు, కంచంలో మొదలైంది. 1735లో స్పెయిన్ డాక్టర్ గాస్పర్ కసాల్, మొక్కజొన్న మీదే బతికే పేద రైతుల్లో ఒక జబ్బు చూశాడు. ఎండ తగిలే చోటల్లా, ముఖ్యంగా మెడ చుట్టూ, చర్మం కాలినట్టు నల్లబడి పొలుసులు లేచేది. తర్వాత ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు పడింది, గరుకు చర్మం అని అర్థం. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది వేలమందిని చంపింది. అందరూ అంటువ్యాధి అనుకున్నారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టర్ని అక్కడికి పంపింది. ఆయనకి తిండి మీద అనుమానం. రుజువు కోసం 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని ర్యాంకిన్ జైలు పొలంలో ఖైదీలకి గవర్నర్ ద్వారా ఒక బేరం పెట్టాడు: నేను పెట్టిన తిండి తినండి, మీకు క్షమాభిక్ష దొరుకుతుంది. మాంసం, పాలు లేకుండా మొక్కజొన్న, మైదా, బియ్యం లాంటివాటితో నెలల తరబడి పెట్టిన తిండి అది. చివరిదాకా ఉన్న 11 మందిలో 6 మందికి పెల్లాగ్రా వచ్చింది. తిండి వల్లే అని తేలింది. ఆ తిండిలో లేనిదేంటో 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యం కనిపెట్టాడు. అదే నికోటినిక్ యాసిడ్, మన బి3.

ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కి మారిన పరిశోధనా సంస్థే ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఒక చిక్కుముడి చూశారు. మన దక్కన్‌లో మొక్కజొన్న కాదు, జొన్నలు తినేవాళ్లకి కూడా పెల్లాగ్రా వస్తోంది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. దాని మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఇవాళ మనం చుక్కల లెక్కన రాసుకునే పదార్థం దొరక్క, ఒకప్పుడు మన పక్క ఊళ్లలో జొన్న రొట్టె మాత్రమే తిన్న కూలీల చర్మం ఎండకి మాడిపోయింది.

మరి మొటిమలకి? 1995లో ఒక ట్రయల్‌లో 4 శాతం నికోటినమైడ్ జెల్‌ని 1 శాతం క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్‌తో 8 వారాలు పోల్చారు. రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. ఇది వాపుని, అంటే నాలుగో కారణాన్ని, మెత్తగా పట్టుకుంటుంది. చూడండి, ఇక్కడా నంబర్ 4. షాపులో దొరికేవి చాలావరకు 10.

రెండో జైలు ఇంకా చీకటిది. అమెరికాలోని ఫిలడెల్ఫియా, హోమ్స్‌బర్గ్ జైలు. 1951లో ఖైదీల కాళ్లకి ఫంగస్ వచ్చిందని పెన్సిల్వేనియా యూనివర్సిటీ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్‌ని పిలిచారు. లోపలికి అడుగుపెట్టగానే తనకి మనుషులు కాదు, ఎకరాల కొద్దీ చర్మం కనిపించిందని ఆయనే తర్వాత ఒక పత్రికతో అన్నాడు. ఆ మాటే పేరుగా 1998లో అలెన్ హార్న్‌బ్లమ్ ఆ జైలు మీద పుస్తకం రాశాడు. 1974 దాకా, అంటే 20 ఏళ్లకి పైగా అక్కడ ప్రయోగాలు సాగాయి. ఖైదీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. చాలామందికి ఇంకా శిక్ష కూడా పడలేదు, బెయిల్ కట్టే డబ్బుల్లేక లోపల ఉన్నారు. కొన్ని డాలర్ల కోసం వీపు అప్పగించారు. వాళ్ల మీద సబ్బులూ షాంపూలే కాదు, డౌ కెమికల్ కంపెనీ డబ్బుతో డయాక్సిన్ అనే విషం కూడా పరీక్షించారు.

విటమిన్ ఎ నుంచి వచ్చిన రెటినోయిక్ యాసిడ్ తొలి ప్రయోగాల్లో కొన్ని జరిగింది ఆ గోడల మధ్యే. నిజానికి జర్మనీలో గుంటర్ స్ట్యూట్‌గెన్ 1962 నాటికే చర్మం గట్టిపడే జబ్బులకి దాన్ని రాసి చూశాడు. మొటిమల మీద అది పనిచేస్తుందని 1969లో క్లిగ్‌మన్, ఫుల్టన్, ప్లెవిగ్ ప్రచురించారు. 1971లో రెటిన్-ఎ పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు గొప్పదే, అందులో అనుమానం లేదు. కణాలు బిరడాగా అతుక్కోకుండా గొట్టం మొదట్లోనే పని మొదలుపెడుతుంది. ఇవాళ్టికీ మొటిమల వైద్యంలో రెటినాయిడ్లే వెన్నెముక. ఇదే కుటుంబంలో కొంచెం నెమ్మదైనది అడాపలీన్. 1996లో అమెరికాలో అనుమతి పొంది, 2016లో 0.1 శాతం జెల్ అక్కడ చీటీ లేకుండా దొరికే స్థాయికి వచ్చింది. మంచి మందు పుట్టింది కాబట్టి దాని పుట్టుక మంచిదైపోదు. ఆ ఖైదీలకి పెన్సిల్వేనియా యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది 2021లో, ఫిలడెల్ఫియా నగరం చెప్పింది 2022లో. అప్పటికి క్లిగ్‌మన్ చనిపోయి పదేళ్లు దాటింది. ఖైదీల్లోనూ చాలామంది లేరు.

క్లిగ్‌మన్ కథలో మనకి నేరుగా తగిలే ముక్క ఇంకోటుంది. 1975లో ఆయన, విలిస్ కలిసి చర్మం రంగు తగ్గించే ఒక ఫార్ములా ప్రచురించారు. హైడ్రోక్వినోన్ 5 శాతం, ట్రెటినోయిన్ 0.1 శాతం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. డాక్టర్ కళ్ల ముందు, మంగు లాంటి మచ్చలకి, కొద్ది వారాలు వాడాల్సిన మందు. ఆ మూడు కలిపిన ట్యూబుల వంశం మన దేశానికి వచ్చేసరికి ఏమైందో తెలుసా? ఫెయిర్‌నెస్ క్రీమ్ అయిపోయింది. మా బీటెక్ హాస్టల్లో ఒక ట్యూబ్ రూమ్ రూమ్‌కీ తిరిగేది. ఎవరికీ చీటీ లేదు. "మొటిమలు పోతాయి, తెల్లగా కూడా అవుతావు" అని మెడికల్ షాపు అతను ఇస్తే తెచ్చుకునేవాళ్లు. వారంలో ముఖం మెరిసేది. మెరవదా మరి? స్టెరాయిడ్ వాపుని నొక్కేస్తుంది, రంగు తగ్గిస్తుంది. నెలలు గడిచాక చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, కొత్త మొటిమలు గుంపులుగా వస్తాయి, ఆడపిల్లలకి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఆపితే మంట, ఎరుపు తిరగబెడతాయి. అందుకని మళ్లీ అదే ట్యూబ్.

ఇది ఒక్క హాస్టల్ కథ కాదు. మన దేశంలో 12 కేంద్రాల్లో చర్మవైద్యులు చేసి 2011లో ప్రచురించిన సర్వేలో, ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్నారు. దాదాపు ప్రతి 7 మందిలో ఒకరు. డాక్టర్ల సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములకి డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది. రూలు కాగితం మీద ఉంది, అలవాటు కౌంటర్ మీద ఉంది. కాబట్టి కాపలా మీరే. ట్యూబ్ వెనక్కి తిప్పండి. బీటామెథసోన్, మోమెటాసోన్, డెక్సామెథసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏ పేరున్నా అది మొటిమల మందు కాదు. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకండి, చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెల్లగా మాన్పించే పద్ధతి వాళ్లకి తెలుసు.

సరే, మన చర్మానికి సరిపోయేది ఏదైనా ఉందా? ఉంది. దాని పుట్టుక కథ మీకు నచ్చుతుంది, ఎందుకంటే అది శోభి మచ్చల్లోంచి వచ్చింది. శోభి ఒక ఫంగస్. అది ఉన్న చోట చర్మం ఎందుకు తెల్లబడుతుందని 1970ల్లో ఇటలీలో మార్సెల్లా నజ్జారో-పోరో బృందం వెతికింది. ఆ ఫంగస్ నుంచి తయారయ్యే ఒక రకం ఆమ్లాలు మెలనిన్ తయారీకి అడ్డుపడుతున్నాయని తేలింది. అందులో ఒకటి అజిలాయిక్ యాసిడ్. గోధుమ, బార్లీ గింజల్లో కూడా ఉంటుంది. రంగు మచ్చలకి వాడుతుంటే మొటిమలు కూడా తగ్గుతున్నాయని గమనించారు, 1983లో మొటిమల మీద ఫలితాలు వచ్చాయి. బిరడా, బ్యాక్టీరియా, వాపు మూడింటి మీదా కొంచెం కొంచెం పనిచేస్తుంది, పైగా మచ్చ మీద కూడా. నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి దీనికి రీల్స్‌లో పెద్ద పేరు లేదు.

కొనే ముందు ఇంకో మాట. సీసా మీద నాన్-కామెడోజెనిక్ అని ఉంటుంది కదా, గొట్టాలు మూసుకుపోనివ్వదు అని. ఆ లెక్క కుందేలు చెవిది. 1972లో క్లిగ్‌మన్, మిల్స్ కాస్మెటిక్స్‌ని కుందేలు చెవి లోపల రాసి బిరడాలు కట్టాయా లేదా చూశారు. కుందేలు చెవి మన చెంప కంటే చాలా తొందరగా మూసుకుపోతుంది. పైగా ఆ మాటకి అమెరికాలో కూడా చట్టబద్ధమైన నిర్వచనం లేదు. అయితే వాళ్ల బృందమే 1970లో రాసిన ఇంకో సంగతి మాత్రం మన ఇళ్లకి బాగా సరిపోతుంది. జుట్టుకి జిడ్డు పొమేడ్ రాసుకునే నల్లజాతి మగవాళ్లకి నుదుటి మీద, కణతల మీద వరసగా చిన్న చిన్న మొటిమలు. పొమేడ్ బదులు కొబ్బరి నూనె అనుకోండి, మన కథే. మొటిమలు నుదుటి అంచునే ఉంటే ముందు తలనూనె చూడండి, తర్వాత సీరమ్.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ముఖం జిడ్డుగా ఉండి, నల్ల చుక్కలు, తెల్ల చుక్కలు ఎక్కువైతే శాలిసిలిక్ 2 శాతం లోపు, లేదా రాత్రి అడాపలీన్. ఎర్రగా వాచి, చీము పట్టేవి ఎక్కువైతే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. పొడి చర్మం అయితే అవే మందులు, కానీ రోజు విడిచి రోజు, మాయిశ్చరైజర్ రాసి పైన పల్చగా. ఏది రాసినా మండే ముఖమైతే నయాసినమైడ్ 4, 5 శాతంతో మొదలుపెట్టండి. మొటిమ కంటే మచ్చ ఎక్కువ బాధపెడుతుంటే అజిలాయిక్ యాసిడ్. పగలు సన్‌స్క్రీన్ అందరికీ, ఎందుకంటే ఎండ పడితే మచ్చ ఇంకా ముదురుతుంది. ఒకసారికి ఒకటే కొత్తది. 8 నుంచి 12 వారాలు టైమివ్వండి. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు రెటినాయిడ్ల జోలికి వెళ్లొద్దు. గడ్డల్లా నొప్పి పెట్టేవి, గుంటలు పడేవి ఉంటే సీరమ్‌తో టైం వేస్ట్ చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

గమనించారా, ఈ లిస్టులో ఎక్కడా ఎక్కువ రాయమని, తొందరపడమని చెప్పలేదు. మంట పుడితేనే పనిచేస్తున్నట్టు అనే నమ్మకం మనలాంటి చర్మాన్ని లెక్కలోకి తీసుకోని చోట నుంచి వచ్చింది. మన చర్మం ప్రతి మంటనీ రాసిపెట్టుకుంటుంది. ర్యాంకిన్‌లో, హోమ్స్‌బర్గ్‌లో ఆ చర్మాలు కూడా రాసిపెట్టుకున్నాయి. వాళ్లకి వద్దనే అవకాశం పెద్దగా లేదు. మనకి ఉంది. కౌంటర్ మీద ట్యూబ్ పెట్టినప్పుడు వెనక్కి తిప్పి చదివి, "ఇది వద్దన్నా" అని చెప్పొచ్చు.

ఈ ఎపిసోడ్ మీ హాస్టల్ గ్రూప్‌లో ఒక్కసారి పెట్టండి, ఆ ట్యూబ్ ఇంకా ఏదో ఒక రూమ్‌లో తిరుగుతూనే ఉంటుంది.